పగడాల దిబ్బల దగ్గర డైవర్‌గా వాలంటీర్ పని: నిజంగా ఉపయోగమా, విహారయాత్రేనా?

మీరు అడిగింది ఇది: కొత్తగా స్కూబా డైవింగ్‌లో మొదటి మెట్టయిన ఓపెన్ వాటర్ సర్టిఫికెట్ వచ్చింది, రెండు వారాలు సెలవు దొరుకుతుంది. పగడాల దిబ్బల సంరక్షణలో వాలంటీర్‌గా చేరితే పనికొచ్చే పనేదైనా చేస్తానా, లేక డబ్బు కట్టి ఫొటోలు దిగి రావడమేనా అని.

రెండు రకాల చోట్లా పనిచేశాను కాబట్టి చెబుతున్నాను, రెండూ ఉన్నాయి. వెబ్‌సైట్‌లో పగడపు ముక్కలు నాటుతున్న ఫొటోలు చూస్తే ఆ తేడా తెలియదు. అక్కడ లెక్కలు ఎలా రాస్తారు, రాసినవి ఎవరికి చేరతాయి అని అడిగితే తెలుస్తుంది. మనలాంటి మామూలు డైవర్ల వల్ల దిబ్బకు జరిగే అసలు మేలు లెక్కపెట్టడమే. వినడానికి చప్పగానే ఉంటుంది మరి.

1996లో మొదలైన రీఫ్ చెక్ సంస్థ పద్ధతినే తీసుకోండి, చాలా దేశాల్లో వాలంటీర్లు వాడేది అదే. ఒకే లోతులో 100 మీటర్ల కొలత టేపు పరుస్తారు. దాంట్లో 20 మీటర్ల ముక్కలు నాలుగు, ముక్కకీ ముక్కకీ మధ్య 5 మీటర్ల ఖాళీ. మన అలికిడికి చెదిరిపోకముందే చేపల్ని లెక్కపెట్టే జంట ముందు వెళ్తుంది. టేపుకి అటూ ఇటూ కలిపి 5 మీటర్ల వెడల్పులో సీతాకోక చేపలు, చిలక చేపలు, గ్రూపర్లు చూసుకుంటూ పోవాలి. గ్రూపర్ 30 సెంటీమీటర్లు దాటితేనే లెక్కలోకి వస్తుంది. మాస్కులోంచి చూస్తే నీళ్లలో ప్రతిదీ మూడో వంతు పెద్దగా కనిపిస్తుంది కదా, అందుకే కొలత తెలిసిన పైపు ముక్కలు పెట్టి సైజు అంచనా వేయడం ముందే ప్రాక్టీసు చేయిస్తారు. వెనక వచ్చే జంట జెయింట్ క్లామ్‌లు, సముద్ర దోసకాయలు, పగడాన్ని తినేసే ముళ్ల నక్షత్ర చేపల్ని లెక్కపెడుతుంది.

నాకు బాగా నచ్చేది మూడో జంట పని. టేపు మీద ప్రతి అర మీటరు దగ్గరా, దారానికి కట్టిన చిన్న బరువును కిందికి వదలాలి. అది దేనికి తగిలిందో నీళ్లలో రాసే స్లేటు మీద రాయాలి: బతికున్న గట్టి పగడమా, మెత్తటి పగడమా, ఇసుకా, రాయా, ఈమధ్యే చచ్చిన పగడమా. ఇలా మొత్తం 160 చోట్ల. విరిగిన ముక్క 15 సెంటీమీటర్ల లోపుంటే గుల్లరాళ్ల ముక్కల కింద, దాటితే రాయి కింద రాస్తారు. తెల్లగా ఉన్నంత మాత్రాన పగడం చచ్చిపోయినట్టు కాదు. దగ్గరికెళ్లి చూస్తే పైన సన్నటి పారదర్శకమైన పొర ఇంకా ఉంటుంది, అంటే ప్రాణం ఉన్నట్టే. అలల ఊపుకి దారం ఊగుతుంటే బరువు అందమైన పగడం మీద పడితే బాగుండునని చెయ్యి లాగుతుంది. అది పక్కనున్న ఇసుకలో పడుతుంది. ఇసుక అనే రాయాలి.

ఒక్కసారి చేసిన సర్వేతో పెద్దగా ఏమీ తేలదు. అదే చోట, అదే లోతులో ఏటా చేస్తేనే దానికి విలువ. నీటి వేడి ఆ చోట మామూలు వేసవి గరిష్ఠం కన్నా ఒక్క డిగ్రీ పెరిగి కొన్ని వారాలు అలాగే ఉంటే చాలు, పగడం తనకు తిండి పెట్టే సూక్ష్మ నాచును బయటికి గెంటేసి తెల్లబడిపోతుంది. ప్రపంచవ్యాప్తంగా నాలుగోసారి ఇలా జరుగుతోందని 2024 ఏప్రిల్‌లో ప్రకటించారు. ఏ దిబ్బలో ఎంత పోయింది, ఎంత కోలుకుంది అని చెప్పాలంటే అంతకుముందు లెక్క ఉండాలి. అన్ని దిబ్బల దగ్గరికీ శాస్త్రవేత్తలు వెళ్లలేరు.

ఇక అందరూ అడిగే నాటే పని. నర్సరీలో పీవీసీ పైపులతో చెట్టు ఆకారంలో కట్టిన చట్రాలకు పగడపు ముక్కలు వేలాడదీస్తారు. వాలంటీర్ చేతికి ముందు వచ్చేది బ్రష్షే, పైపులకు పట్టిన నాచు రుద్దడానికి. రాలేదాన్ని తినడానికి చిన్న చేపలు మొహం మీదికే వచ్చేస్తాయి, ఆ కాసేపు భలే సరదాగా ఉంటుంది. ముక్కలు పెరిగాక ఎపాక్సీ జిగురుతో రాతికి అతికిస్తారు. కానీ 2023 వేసవిలో ఫ్లోరిడాలో వచ్చిన వేడికి, ఏళ్ల తరబడి నాటిన స్టాగ్‌హార్న్, ఎల్క్‌హార్న్ పగడాలు చాలావరకు చచ్చిపోయాయి. నర్సరీల్లో ఉన్నవాటిని హడావుడిగా ఒడ్డు మీది ట్యాంకుల్లోకి తరలించారు. నాటడం దండగ అనను, కనీసం ఆ రకాలు అంతరించకుండా నిలుస్తాయి. 'మీరు నాటే ఒక్క పగడం సముద్రాన్ని కాపాడుతుంది' లాంటి ప్రకటన కనిపిస్తే మాత్రం ఆ పేజీ మూసేస్తాను.

మీ సర్టిఫికెట్ కొత్తది అన్నారు కాబట్టి బాయన్సీ గురించి, అంటే నీళ్లలో పైకి తేలకుండా కిందికి దిగిపోకుండా నిలవడం గురించి, తప్పక చెప్పాలి. బండల్లా పెరిగే పగడాలు కొన్ని ఏడాదికి ఒక సెంటీమీటరు అటూ ఇటూగా పెరుగుతాయి. కాలికి తొడిగే ఫిన్ ఒక్క దెబ్బకు ఎన్నేళ్ల పెరుగుదల పోతుందో మీరే లెక్కేసుకోండి. స్లేటు మీద రెండు లైన్లు రాసేలోపు పైకీ కిందికీ పోకుండా ఒకేచోట నిలబడగలిగితే మీరు సర్వేకి రెడీ. ఇంకా రాకపోతే వెళ్లేముందు దానికోసమే కొన్ని డైవ్‌లు చేయండి. గాలి, లోతు చూపే గేజ్‌లు, ఊపిరి పీల్చే స్పేర్ రెగ్యులేటర్ వేలాడకుండా క్లిప్పు పెట్టుకోండి. అన్నట్టు, ఆఖరి డైవ్‌కీ విమానానికీ మధ్య కనీసం 18 గంటలు ఉండేలా టికెట్ తీసుకోండి.

సంస్థను ఎంచుకునేటప్పుడు, జాతులు గుర్తుపట్టే పరీక్ష పెడతారా అని అడగండి. పరీక్ష పాసవ్వకముందే మీరు రాసిన లెక్క తీసుకుంటామంటే, ఆ లెక్క ఎవరికీ అక్కర్లేదని అర్థం. నేను వెళ్లిన ఒకచోట సర్వే షీట్లు అలమరలో కట్టలు కట్టలుగా పడి ఉండేవి, కంప్యూటర్‌లో ఎక్కించినవాళ్లే లేరు. మొదటిరోజే కొత్తవాళ్ల చేతికి బతికున్న పగడం ఇచ్చే చోటికీ వెళ్లకండి. వాలంటీర్లు వెళ్లిపోయాక అక్కడే ఉండి పని కొనసాగించే స్థానికులు ఎవరో కనుక్కోండి. ఒక దిబ్బ నుంచి ఇంకో దిబ్బకు వెళ్లేటప్పుడు డైవింగ్ సామాను క్రిములు చంపే మందు కలిపిన నీళ్లలో కడిగిస్తారా అన్నదీ అడగండి. పగడాలకూ అంటురోగాలుంటాయి. 2014లో ఫ్లోరిడాలో బయటపడిన, పగడం కణజాలం ఊడిపోయే వ్యాధి ఆ తర్వాత కరీబియన్‌లో చాలా చోట్లకు పాకింది.

రెండు వారాల్లో మొదటి వారం ట్రైనింగ్‌కే పోతుంది. మూడు నాలుగు వారాలు కుదిరితే వెళ్లండి. కుదరకపోతే అమెరికాలోని రీఫ్ ఎన్విరాన్‌మెంటల్ ఎడ్యుకేషన్ ఫౌండేషన్ వాళ్ల చేపల సర్వే పద్ధతి నేర్చుకోండి. టేపు అక్కర్లేదు, మామూలు డైవ్‌లోనే కనిపించిన ప్రతి జాతికీ ఒకటా, పది లోపా, వంద లోపా, అంతకు మించా అని గుర్తు పెట్టుకుంటూ పోవడమే. లెక్కపెట్టడం మీకు బోర్ కొడుతుందో లేదో డబ్బు కట్టకముందే తేలిపోతుంది.