పెట్టె మీద 1050, కాపీలో 40: కేసు నిలుస్తుందా?

ప్రశ్న: హన్మకొండలో పెళ్లి వీడియోలు తీసి బతుకుతున్నాను. ఏడాది ఎనిమిది నెలల కింద హైదరాబాద్‌లో ఎక్స్‌టర్నల్ ఎస్‌ఎస్‌డీ (ఫైళ్లు దాచుకునే, బయట తగిలించే డ్రైవ్) కొన్నాను. సెకనుకు ‘1050 ఎంబీ వరకు’ అని పెట్టె మీద ఉంది. నాకు 40 దాటడం లేదు. 200 జీబీ కాపీకి గంటన్నర. ఆల్బమ్ లేటయిందని పెళ్లివాళ్లు అందరి ముందు తిట్టారు. దాంతో వచ్చిన కేబుల్ పోయింది, ఫోన్ ఛార్జింగ్ కేబుల్ వాడుతున్నాను. షాపాయన ‘చూద్దాం’ అంటూ సతాయిస్తున్నాడు. విప్పి చిప్ చూద్దామంటున్నాడు మిత్రుడు. కేసు వేయొచ్చా?

జవాబు: పెళ్లివాళ్ల తిట్లు పక్కన పెట్టండి. మీ కేసు తేలేది ఆ కేబుల్ దగ్గరే. ఛార్జింగ్ కేబుళ్లలో చాలావాటిది యూఎస్‌బీ 2.0 వేగమే, అంటే కాపీలో సెకనుకు సుమారు 40 ఎంబీ. మీరు రాసిన అంకె అచ్చం అదే! అవతలి వకీలు ఒక్క ప్రశ్నతో ముగించేస్తాడు. వేలు పోసి కొన్నదాని కేబుల్ పారేసుకొని, తప్పు డ్రైవ్‌దేనని ఎట్లా తేల్చారు?

ముందు 10 జీబీపీఎస్ (సెకనుకు 10 గిగాబిట్ల) కేబుల్ తెచ్చి, అంతే వేగమున్న పోర్టుకు పెట్టండి. 5 జీబీపీఎస్ పోర్టయితే సెకనుకు 400 ఎంబీ దగ్గరే ఆగుతుంది, అది డ్రైవ్ లోపం కాదు. మెమరీ కార్డు నుంచో పాత హార్డ్‌డిస్క్ నుంచో చేసిన కాపీ పనికిరాదు. కంప్యూటర్‌లోని మంచి ఎస్‌ఎస్‌డీ నుంచి ఒకే పెద్ద ఫైలు పంపాలి. వేల చిన్న ఫొటోలైతే ఏ డ్రైవైనా నెమ్మదిస్తుంది. మధ్యలో కాష్ (డ్రైవ్ వేగంగా రాసుకునే తాత్కాలిక చోటు) నిండి వేగం పడిపోవచ్చు. ‘వరకు’ అన్న మాట చాటున కంపెనీలు దాక్కునేది అక్కడే కాబట్టి, ఎన్ని జీబీల తర్వాత ఎంతకు పడిందో రాసుకోండి. సీరియల్ నంబరు, కేబుల్, స్క్రీన్ కనిపించేలా ఆపకుండా వీడియో తీయండి. దానికి భారతీయ సాక్ష్య అధినియమం సెక్షన్ 63 సర్టిఫికెట్ (ఎలక్ట్రానిక్ సాక్ష్యానికి ఇచ్చే ధ్రువీకరణ) జతచేయాలి.

డ్రైవ్‌ను మాత్రం విప్పితే మీ కేసును మీరే చంపుకున్నట్టు. లోపం తేల్చడానికి వినియోగదారుల కమిషన్ వస్తువును సీలు చేసి ల్యాబ్‌కు పంపగలదు. విప్పినదాన్ని పంపితే ‘ఈయనే చెడగొట్టాడు’ అంటారు.

గడువు రెండేళ్లు, వినియోగదారుల రక్షణ చట్టం 2019 సెక్షన్ 69. బిల్లు తేదీ నుంచే లెక్కపెట్టుకుంటే మీకు మిగిలింది నాలుగు నెలలు. షాపాయన ‘చూద్దాం’తో అది ఆగదు, నోటీసుతోనూ ఆగదు. టెస్టులో లోపం తేలితే షాపుకు, కంపెనీకి రాతపూర్వకంగా నోటీసిచ్చి, పదిహేను రోజులు చూసి ఫిర్యాదు వేయండి. హైదరాబాద్ వెళ్లనక్కర్లేదు, మీరుండే జిల్లా కమిషన్ చాలు. అయిదు లక్షల లోపు కొనుగోలుకు ఫీజు లేదు. బిల్లు స్టూడియో పేర ఉంటే ‘వ్యాపారం కోసం కొన్నాడు, వినియోగదారుడే కాడు’ అంటారు. సొంతంగా పనిచేసుకుంటూ బతుకుదెరువుకే కొన్నానని ఫిర్యాదులోనే రాయండి. నష్టపరిహారం అడగాలంటే పెళ్లివాళ్లు డబ్బు కోసి ఉంటే దానికి కాగితం కావాలి.

కొత్త కేబుల్‌తో వేగం వచ్చేసిందా, కేసు మాట మరిచిపోండి.