స్నేహితుడు హ్యాక్ వాడాడు, బ్యాన్ అయింది మా అబ్బాయి ఐడీ

ప్రశ్న: మా అబ్బాయికి 16 ఏళ్లు. ఫోన్‌లో నలుగురు కలిసి స్క్వాడ్‌గా ఆడే షూటింగ్ గేమ్ ఆడతాడు. వాడు అడిగినప్పుడల్లా నా యూపీఐ నుంచే స్కిన్లకీ (ఆటలో బొమ్మల, తుపాకుల రూపం మార్చేవి), పాస్‌లకీ (అదనపు బహుమతులు ఇచ్చేవి) కట్టాను. రెండేళ్లలో రూ.14,000 అయింది. ఈమధ్య ఐడీ, పాస్‌వర్డ్ స్నేహితుడికి ఇచ్చాడు. ఆ పిల్లాడు ఎక్కడో దొరికిన హ్యాక్, అంటే ఆటలో మోసం చేసి గెలవడానికి వాడే సాఫ్ట్‌వేర్ వేసుకుని ఆడాడట. ఐడీని శాశ్వతంగా బ్యాన్ చేశారు. మావాడు సరిగా తిండి కూడా తినడం లేదు. రూ.3,000 ఇస్తే బ్యాన్ తీయిస్తానని ఒకతను మెసేజ్‌లు పెడుతున్నాడు. కంపెనీ మీద కేసు వేయొచ్చా?
- ఒక తల్లి, గాజువాక, విశాఖపట్నం

జవాబు: అమ్మా, ముందుగా ఆ రూ.3,000 పంపకండి. బ్యాన్ తీసే అధికారం గేమ్ నడిపే కంపెనీకి తప్ప బయటివాళ్లెవరికీ ఉండదు. ఇప్పటికే పంపి ఉంటే రేపటిదాకా ఆగకుండా సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి. ఎంత తొందరగా చెబితే ఆ డబ్బు అవతలి ఖాతాలో ఉండగానే ఆపించే అవకాశం అంత ఎక్కువ. ఇది ఐటీ చట్టం సెక్షన్ 66డి, భారతీయ న్యాయ సంహిత సెక్షన్ 318 కిందికి వచ్చే మోసం.

ఇక బ్యాన్ సంగతి. ఇన్‌స్టాల్ చేసేటప్పుడు చదవకుండా నొక్కే 'అంగీకరిస్తున్నాను' ఒక ఒప్పందం. ఇలాంటి ఆటల ఒప్పందాల్లో దాదాపుగా మూడు మాటలు ఉంటాయి: ఐడీ ఇంకొకరికి ఇవ్వకూడదు, ఆ ఐడీతో ఎవరు ఏం చేసినా బాధ్యత ఐడీ ఉన్నవాడిదే, స్కిన్లు వాడుకోవడానికే తప్ప సొంతం కావు. కాబట్టి 'తప్పు చేసింది మావాడు కాదు' అన్న ఒక్క వాదన సరిపోదు. మీకు కష్టంగా అనిపించినా ఇంకో మాట చెప్పాలి. గోడ అవతల ఎవరున్నారో చూపించే హ్యాక్‌తో ఒకడు ఆడితే, ఆ మ్యాచ్‌లో నిజాయితీగా ఆడిన పిల్లలందరికీ అన్యాయం జరిగినట్టే. వాళ్లకీ మీలాంటి అమ్మలే ఉన్నారు. హ్యాక్‌ను బ్యాన్ చేయడం తప్పని నేను ఏ కోర్టులోనూ వాదించలేను.

మైనర్‌తో ఒప్పందం చెల్లదు కదా, డబ్బు వెనక్కి రాదా అని చాలామంది అడుగుతారు. చెల్లదన్నది నిజమే, 1903లో మోహరీ బీబీ కేసులో అప్పటి అత్యున్నత న్యాయస్థానమైన ప్రివీ కౌన్సిల్ తేల్చిన విషయమది. కానీ మీ విషయంలో డబ్బు కట్టింది మీరు, తెలిసే కట్టారు. అందుకే మైనర్ వాదన కన్నా 'కొన్న వినియోగదారుని నేను, నా అనుమతితో వాడుకున్నవాడు మా అబ్బాయి' అన్న వాదనే మీకు బలం. వినియోగదారుల రక్షణ చట్టం 2019 అలా వాడుకునేవారిని కూడా వినియోగదారుగానే చూస్తుంది.

మీరు గట్టిగా అడగగలిగింది ఒకటుంది. ఎందుకు బ్యాన్ చేశారో చెప్పమని, మీ మాట వినమని అడగండి. ఐటీ నియమాలు 2021 ప్రకారం ఇలాంటి వేదికలు ఫిర్యాదుల అధికారి వివరాలు బయటపెట్టాలి. ఆయన 24 గంటల్లో ఫిర్యాదు అందినట్టు తెలిపి, 7 రోజుల్లో పరిష్కరించాలి. ఆయనకు ఈమెయిల్ మీరే రాయండి, అబ్బాయితో రాయించకండి. ఐడీ నంబరు, బ్యాన్ తేదీ, ఆరోజు లాగిన్ అయిన ఫోన్ మీది కాదన్న ఆధారం, యూపీఐ చెల్లింపుల స్క్రీన్‌షాట్లు జత చేయండి. పాస్‌వర్డ్ ఇచ్చిన సంగతి దాచకండి. సర్వర్ రికార్డులు వాళ్ల దగ్గరే ఉంటాయి. ఒక్క అబద్ధం దొరికితే మిగతా నిజాలను కూడా నమ్మరు.

జవాబు రాకపోయినా, కారణం చెప్పకుండా కొట్టేసినా విశాఖపట్నం జిల్లా వినియోగదారుల కమిషన్‌కు వెళ్లొచ్చు. కంపెనీ ఆఫీసు ఎక్కడున్నా మీరు ఉండే ఊళ్లోనే ఫిర్యాదు వేయడానికి చట్టం వీలిస్తుంది. చెల్లించిన మొత్తం రూ.5 లక్షల లోపు కాబట్టి ఫీజు లేదు. గడువు రెండేళ్లు. ఒప్పందంలో మధ్యవర్తిత్వం క్లాజు (గొడవను కోర్టుకు వెళ్లకుండా మధ్యవర్తి దగ్గరే తేల్చుకోవాలన్న షరతు) చూపించి బెదిరిస్తే భయపడకండి, అది వినియోగదారుల ఫిర్యాదును ఆపలేదని సుప్రీంకోర్టు 2018లో చెప్పింది. అయితే హ్యాక్ వాడకం రుజువైతే రూ.14,000 మొత్తం వస్తుందన్న ఆశ పెట్టుకోవద్దు. అసలు వినకుండా, కారణం చూపకుండా మూసేశారన్నదే మీ కేసు.

ఆటలో విడిగా పెట్టే మ్యాచ్‌లకు (రూమ్‌లకు) ఎంట్రీ ఫీజు కట్టి, గెలిస్తే డబ్బు తీసుకునే మ్యాచ్‌లు ఏమైనా ఆడాడా అని కూడా అబ్బాయిని మెల్లగా అడగండి. డబ్బు పందెంతో ఆడించే ఆన్‌లైన్ ఆటలను నిషేధిస్తూ పార్లమెంటు 2025 ఆగస్టులో చట్టం చేసింది. అలాంటివి ఉంటే ఈమెయిల్ పంపకముందే లాయర్‌కు చెప్పండి.

ఆ స్నేహితుడి మీద పోలీసు కేసు పెట్టాలని ఇంట్లో ఎవరైనా అంటే ఒప్పుకోకండి. పాస్‌వర్డ్ మీవాడు చేతులారా ఇచ్చాడు, అతనూ చదువుకునే పిల్లాడే. వాళ్లమ్మతో ఒకసారి కూర్చుని మాట్లాడండి. హ్యాక్ వేసింది తమ అబ్బాయేనని, ఫలానా ఫోన్ నుంచేనని ఆవిడ రెండు ముక్కలు రాసి సంతకం చేసిస్తే, మీ ఈమెయిల్‌కు జత చేయడానికి అంతకన్నా మంచి కాగితం ఉండదు.