మహారాష్ట్ర చంద్రాపూర్‌లో పై పోర్షన్ కిరాయికి ఇవ్వాలి, ఇంట్లో నాన్నగారి రివాల్వర్ ఉంది. ముందు ఏం చేయాలి?

మీరు రెండు సంగతులు కలిపి అడిగారు. నాన్నగారు పోయాక పై పోర్షన్ కిరాయికి ఇద్దామంటే, వచ్చినవాడు ఖాళీ చేయకపోతే ఎట్లా అని భయం ఒకటి. బీరువాలో ఆయన లైసెన్సు మీద కొన్న .32 రివాల్వర్ ఉంది, కిరాయికిచ్చే ఇంట్లో అది ఉంటే మంచిదేనని చుట్టాలు అంటున్నారు, అది రెండోది. చుట్టాల మాట వినకండి అన్నా. ఇల్లుగలాయనకు అండగా నిలిచేది రిజిస్టరైన కాగితం. తుపాకీ ఆ పనికి రాదు, పైగా ఇప్పుడున్న స్థితిలో కేసు మీ మీదికే వస్తుంది.

కాబట్టి మొదలు రివాల్వర్ సంగతి తేల్చుకోండి. లైసెన్సు మనిషికి ఇస్తారు, ఇంటికి కాదు. ఆయన పోయిన తర్వాత అది మీ బీరువాలో ఉండడం లైసెన్సు లేని ఆయుధం ఉంచుకున్నట్టే లెక్క. ఆయుధాల చట్టం 1959, సెక్షన్ 21 ప్రకారం ఆలస్యం చేయకుండా దగ్గరి పోలీస్ స్టేషన్లో గానీ, లైసెన్సున్న ఆయుధాల డీలర్ దగ్గర గానీ డిపాజిట్ చేయాలి. 2019 సవరణ తర్వాత లైసెన్సు లేకుండా తుపాకీ ఉంచుకుంటే శిక్ష 2 నుంచి 5 ఏళ్లు. దాన్ని సంచిలో వేసుకుని మీరే బయల్దేరకండి. ముందు స్టేషన్‌కు వెళ్లి మరణ ధృవీకరణ పత్రం, లైసెన్సు పుస్తకం జిరాక్సులు జతచేసి దరఖాస్తు ఇవ్వండి, ఎట్లా తెచ్చి అప్పగించాలో వాళ్లనే అడిగి అట్లాగే చేయండి. రసీదులో రివాల్వర్ నంబరు, తయారీ, తూటాల లెక్క మూడూ రాయించుకోవాలి. తూటాల లెక్క రాయించుకోవడం చాలామంది మర్చిపోతారు, తర్వాత పుస్తకంలో ఉన్నన్ని చేతిలో లేవని తిప్పలు పడతారు.

అప్పగించేదాకా దాన్ని ముట్టుకోకపోవడం మంచిది. మన ఆర్డ్‌నెన్స్ ఫ్యాక్టరీ (ప్రభుత్వ ఆయుధాల కర్మాగారం) .32 అయితే పైన గొళ్లెం నొక్కితే బారెల్ కిందికి వంగి సిలిండర్ తెరుచుకుంటుంది, ఆరు గదుల్లో తూటాలు ఉన్నాయో లేవో అప్పుడు కనిపిస్తుంది. తెలిసినవాళ్లు లేకుండా ఆ ప్రయత్నం చేయకండి. పాత మనుషులు తోలు కవర్లోనే ఏళ్ల తరబడి ఉంచేస్తారు. వానాకాలం తోలు చెమ్మ పట్టుకుంటుంది, లోపల ఇనుము తుప్పెక్కుతుంది, ఇత్తడి తూటాల మీద పచ్చటి చిలుము లేస్తుంది. అట్లాంటి తూటా ఎప్పుడు పేలుతుందో, ఎప్పుడు పేలదో చెప్పలేం.

ఇక కిరాయి. తెలంగాణలో మంచిర్యాల, ఆసిఫాబాద్ దిక్కు మనవాళ్లు 11 నెలల బాండ్ పేపర్ రాసి నోటరీ చేయిస్తారు. కేంద్ర రిజిస్ట్రేషన్ చట్టంలో ఏడాది దాటే లీజుకు రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాబట్టి 11 దగ్గర ఆపుతారు. అదే పద్ధతి ఇక్కడ చెల్లుతుందనుకుని బల్లార్‌పూర్, రాజురా, చంద్రాపూర్ మనవాళ్లు మోసపోతారు. మహారాష్ట్ర రెంట్ కంట్రోల్ చట్టం 1999, సెక్షన్ 55 ప్రకారం లీవ్ అండ్ లైసెన్స్ కరారు (గడువు దాకా ఉండనిచ్చే కిరాయి ఒప్పందం) ఎన్ని నెలలదైనా రాతలో ఉండాలి, రిజిస్టర్ కావాలి. ఆ బాధ్యత ఇల్లుగలవాళ్లదే. చేయించకపోతే 3 నెలల దాకా జైలు గానీ, రూ. 5,000 దాకా జరిమానా గానీ, రెండూ గానీ పడొచ్చు. ఇంతకన్నా పెద్ద నష్టం ఇంకొకటుంది. షరతుల మీద తగాదా వస్తే, మీరు రుజువు చేసేదాకా కిరాయిదారు చెప్పిందే నిలబడుతుంది. "కిరాయి 8,000 కాదు, 5,000 మాట్లాడుకున్నాం" అని అతనంటే, కాదని చూపే భారం మీ నెత్తినే పడుతుంది.

ఖర్చుకు భయపడేదేం లేదు. స్టాంపు డ్యూటీ మొత్తం కిరాయి మీద 0.25 శాతం. తిరిగిచ్చే డిపాజిట్ ఉంటే ఏడాదికి దాని 10 శాతం కూడా కిరాయిలో కలిపి లెక్కేస్తారు. నెలకు 8,000 చొప్పున 36 నెలలకు 2,88,000. డిపాజిట్ 40,000 అయితే దాని 10 శాతం మూడేళ్లకు 12,000. రెండూ కలిపితే 3,00,000, దాని మీద డ్యూటీ 750 రూపాయలు. మహానగరపాలిక హద్దులో రిజిస్ట్రేషన్ ఫీజు 1,000, గ్రామాల్లో 500. మీరు, కిరాయిదారు, ఇద్దరు సాక్షులు ఆధార్, వేలిముద్రలతో ఆన్‌లైన్‌లోనే చేసుకోవచ్చు. వేలిముద్రల మిషన్ తెచ్చి ఇంట్లోనే పని ముగించే ఏజెంట్లు ఉంటారు, వాళ్ల చార్జీ ముందే మాట్లాడుకోండి.

మీ దగ్గర ఒక చిక్కుంది. ఘర్‌పట్టీ (ఇంటి పన్ను) ఇంకా నాన్నగారి పేరు మీదే వస్తుంటే ఎవరు సంతకం పెడతారు? ముందు వారసుల పేర్లు ఎక్కించండి, ఇక్కడ దాన్ని ఫేర్‌ఫార్ అంటారు. అంతదాకా ఆగలేకపోతే అమ్మ, అన్నదమ్ములు, అక్కచెల్లెళ్లు అందరూ కరారులో ఇల్లుగలవాళ్లుగా ఉండాలి, లేదా ఒకరికి పవరాఫ్ అటార్నీ ఇవ్వాలి. ఒక్కరే పెట్టేస్తే రేపు తోబుట్టువు లేచి "నా వాటా" అంటే కిరాయిదారు ఆ సందు పట్టుకుని ఎవరికీ కిరాయి కట్టడు.

కరారు అయ్యాక కిరాయిదారు వివరాలు పోలీసులకు ఇవ్వండి. మహారాష్ట్ర పోలీసు సైట్‌లో ఫోటో, గుర్తింపు కార్డు, పాత అడ్రసు పెట్టి పంపి, వచ్చిన రసీదు కరారుతో కలిపి ఉంచండి. బొగ్గు గనుల్లోనో థర్మల్ ప్లాంట్‌లోనో పనిచేసేవాళ్లయితే కంపెనీ కార్డు చూడండి. బదిలీలు అవుతుంటాయి కాబట్టి నెల ముందు నోటీసు అనే షరతు రెండువైపులా పెట్టుకోండి.

ఈ ఊళ్లో రోజువారీ గొడవలు ఎక్కువగా కరెంటు, నీళ్లు, డాబా మీదే. మహావితరణ్ (ఇక్కడి కరెంటు సంస్థ) బిల్లులో 100 యూనిట్ల దాకా ఒక రేటు, 101 నుంచి 300 దాకా చాలా ఎక్కువ రేటు. రెండు పోర్షన్లు ఒకే మీటరు మీద నడిస్తే ఇద్దరి వాడకం కలిసి ఆ ఎక్కువ రేటులోకి పోతుంది, సబ్‌మీటరు చూసి ఎంత పంచినా ఎవరికో ఒకరికి అన్యాయం అనిపిస్తుంది. పైకి వేరే కనెక్షన్ తీసుకోండి. మే నెల ఎండలకు కూలర్ లేని ఇల్లుండదు. 180 వాట్ల కూలర్ రోజుకు 18 గంటలు తిరిగితే 3 యూనిట్ల పైనే, అంటే ఒక్క కూలర్‌కే నెలకు దాదాపు వంద యూనిట్లు. దాన్ని కిటికీకి వేలాడదీయనివ్వకండి. నీళ్లు కారి గోడ ఉబ్బుతుంది, సున్నం పెచ్చులూడుతుంది. ఇనుప స్టాండు మీరే చేయించి ఇస్తే ఆ ఖర్చు ఒక్క ఎండాకాలంలో మిగులుతుంది. థర్మల్ బూడిద డాబా మీద మెత్తగా పేరుకుని వాన నీళ్ల పైపు మూతిలో గట్టిపడుతుంది. జూన్ మొదటి వానకు ముందే పైపు కడిగించాలి. ఆ పని ఎవరిదో కరారులో రాయండి, నా లెక్కలో అది ఇల్లుగలవాళ్లదే.

గడువైపోయినా కిరాయిదారు దిగకపోతే కాంపిటెంట్ అథారిటీకి (ఇట్లాంటి తగాదాలు తేల్చే అధికారికి) రెంట్ కంట్రోల్ చట్టం సెక్షన్ 24 కింద దరఖాస్తు పెట్టాలి. గడువు దాటి ఉన్నన్ని రోజులకు కిరాయికి రెండింతలు నష్టపరిహారం అడగొచ్చు. అంతేగానీ నల్లా కట్టేయడం, కరెంటు తీసేయడం అదే చట్టంలో సెక్షన్ 29 కింద తప్పు. తాళం మార్చి బయటికి నెట్టేస్తే, స్పెసిఫిక్ రిలీఫ్ చట్టం సెక్షన్ 6 కింద ఆరు నెలల్లోపు దావా వేసి అతను మళ్లీ లోపలికి రాగలడు.

నడుముకు రివాల్వర్ పెట్టుకుని కిరాయి అడగడానికి పైకెక్కితే అది బెదిరింపు కేసు. లైసెన్సు ఉన్నా పోతుంది.

ఆ రివాల్వర్ మీకు నిజంగా కావాలంటే దారి ఉంది. ఆయుధాల నియమాలు 2016 ప్రకారం వారసులు లైసెన్సు అడగొచ్చు. ఫారం ఎ-1, మరణ ధృవీకరణ పత్రం, పాత లైసెన్సు, మిగతా వారసుల అభ్యంతరం లేదనే అఫిడవిట్, డాక్టరు సర్టిఫికెట్ పట్టుకుని కలెక్టర్ ఆఫీసులో ఇవ్వాలి. ఇస్తారన్న హామీ ఏమీ ఉండదు, పోలీసు విచారణ ఉంటుంది. వస్తే గడువు 5 ఏళ్లు. లైసెన్సులో ఏరియా అన్న చోట మహారాష్ట్ర అని మాత్రమే ఉంటే పెళ్లికో పండగకో తెలంగాణకు వెళ్లేటప్పుడు వెంట తీసుకెళ్లడం నేరం. సరిహద్దు మనుషులు దీన్ని తేలిగ్గా తీసుకుంటారు. కిరాయిదారు పిల్లలు తిరిగే ఇంట్లో అది గోడకు బిగించిన ఇనుప పెట్టెలో, తూటాలు వేరే తాళం కింద ఉండాలి. లైసెన్సు వద్దనుకుంటే డిపాజిట్‌లో ఏళ్లు గడవనివ్వకండి. డిపాజిట్‌కు నియమాల్లో పెట్టిన గడువు లోపల లైసెన్సున్నవాళ్లకు గానీ డీలర్‌కు గానీ అమ్మేయండి, లేకుంటే జిల్లా మేజిస్ట్రేట్ ప్రభుత్వానికి జప్తు చేయొచ్చు.