స్కానర్‌కు దొరకని ఆయిల్ లీకేజీ

ప్రశ్న: మాది 2013 వాగన్ఆర్. లక్ష కిలోమీటర్లు దాటింది. ఇంజిన్‌కు బెల్టు ఉన్న పక్క నుంచి ఆయిల్ కారుతోంది. ఆన్‌లైన్‌లో కొన్న బ్లూటూత్ ఓబీడీ స్కానర్ పెట్టి చూస్తే ఫోన్‌లో ఏ ఎర్రర్ కోడూ రాలేదు. మెకానిక్ మాత్రం ఫ్రంట్ క్రాంక్ ఆయిల్ సీల్ పోయిందంటున్నాడు. ఇంజిన్ దించాల్సి వస్తుందా? వీడియోలు చూసి నేనే మార్చుకోవచ్చా?
- ఖమ్మం నుంచి ఒక పాఠకుడు

జవాబు: కోడ్ రాలేదని ధీమాగా ఉండకండి. సెన్సార్లు ఇంజిన్ కంప్యూటర్‌కు పంపే వివరాలనే స్కానర్ చదువుతుంది. ఇంజిన్‌లో తిరిగే క్రాంక్‌షాఫ్ట్ చివర నుంచి ఆయిల్ బయటికి రాకుండా ఆపేది ఈ రబ్బరు సీలే. దాని దగ్గర సెన్సారే ఉండదు. డాష్‌బోర్డులోని ఎర్ర ఆయిల్ లైటు కూడా ప్రెషర్ పడిపోయినప్పుడే వెలుగుతుంది. అప్పటికి ఆయిల్ బాగా తగ్గిపోయి ఉంటుంది. అందుకే సీల్ మార్చేదాకా వారానికోసారి, సమతలంగా ఉన్నచోట బండి ఆపి, డిప్‌స్టిక్ తీసి చూసుకోండి.

ఇంజిన్ దించక్కర్లేదు. మీ బండిలోని కే10బీ ఇంజిన్‌కు టైమింగ్ చైన్ (వాల్వులు సరైన సమయానికి తెరుచుకునేలా క్రాంక్‌షాఫ్ట్‌తో జతకలిపే గొలుసు) ఉంటుంది. సీల్ ఆ చైన్ కవర్‌లోనే, క్రాంక్ పుల్లీ వెనక కూర్చుని ఉంటుంది. చక్రం, లోపలి ప్లాస్టిక్ కవరు, బెల్టు, పుల్లీ తీస్తే చాలు, సీల్ కనిపిస్తుంది. మారుతి 800, పాత ఆల్టోల్లో పని ఇంకాస్త పెద్దది. వాటికి చైన్ బదులు టైమింగ్ బెల్టు ఉంటుంది కాబట్టి దాన్ని కూడా విప్పాలి. ఆయిల్‌లో నానిన బెల్టును మళ్లీ వేయకూడదు, కొత్తది కొనాల్సిందే.

పుల్లీ మీద చెయ్యి వేసేముందు, లీకేజీ నిజంగా సీల్ నుంచేనా అన్నది తేల్చుకోండి. ఇంజిన్ పైమూత, అంటే టాపెట్ కవర్ ప్యాకింగ్ నుంచి కారిన ఆయిల్ కూడా జారి జారి ఇక్కడికే చేరుతుంది. మొత్తం శుభ్రంగా తుడిపించి, కాసేపు నడిపి, టార్చి వేసి పైనుంచి కిందికి చూడండి. పుల్లీ వెనక చుట్టూ ఆయిల్ చిమ్మినట్టు ఉంటే సీలే. అనుమానం తీరకపోతే ఆయిల్‌లో కలిపే యూవీ డై (యూవీ కాంతిలో మెరిసే రంగు), యూవీ టార్చి కొనుక్కోండి. ఈ పనికి స్కానర్ కన్నా అవే అక్కరకొస్తాయి.

సీల్ ఎందుకు పోయిందన్నది చాలామంది అడగరు. నాకు అదే ముఖ్యం. ఏళ్ల తరబడి వేడికి రబ్బరు గట్టిపడటం మామూలే. కానీ ఇంజిన్ లోపల చేరే గ్యాసులను బయటికి లాగే పీసీవీ వాల్వ్ మసితో మూసుకుపోతే ఇంజిన్ లోపల గ్యాసుల ఒత్తిడి పెరిగి, ఆయిల్‌ను సీల్ మీదుగా బయటికి తోస్తుంది. ఆ వాల్వ్ చూడకుండా సీల్ మారిస్తే కొత్తదీ మళ్లీ కారుతుంది. ఇంజిన్ ఐడ్లింగ్‌లో ఉండగా వాల్వ్‌ను టాపెట్ కవర్ నుంచి ఊడదీసి, మూతి మీద వేలు పెడితే లోపలికి లాగుతున్నట్టు తెలియాలి.

ఇక మీరే చేసుకోవడం గురించి. బోల్టును కొలత ప్రకారం బిగించే టార్క్ రెంచ్, పుల్లీ కదలకుండా పట్టే టూల్, బండి కింద స్టాండులు లేకపోతే వద్దు. ఒట్టి జాకీ మీద నిలబెట్టిన బండి కిందికి అసలే దూరొద్దు. కొన్ని వీడియోల్లో పానా తగిలించి స్టార్టర్ కొట్టి పుల్లీ బోల్టు వదులు చేస్తారు. పానా ఎగిరి ఎముకలు విరగ్గొట్టగలదు. పాత సీల్‌ను స్క్రూడ్రైవర్‌తో పెకలించేటప్పుడు షాఫ్ట్ మీద గీత పడిందా, ఎంత మంచి సీల్ వేసినా ఆగదు. గోరుకు తగిలేంత గాడి అప్పటికే ఉంటే షాఫ్ట్‌కు పల్చని లోహపు తొడుగు (రిపేర్ స్లీవ్) తొడిగించాలి. కొత్త సీల్‌లో స్ప్రింగు కనిపించే వైపు లోపలికి ఉండాలి. మామూలు రబ్బరు సీల్ అంచుకు కొత్త ఆయిల్ రాయండి. టెఫ్లాన్ సీల్ అయితే పొడిగానే వేయాలి. వంకరపోకుండా, పాతది ఎంత లోతులో ఉందో అంతే లోతుకు కొట్టండి. బోల్టును సర్వీస్ మాన్యువల్‌లో చెప్పినంతే బిగించండి.

ఈ పద్ధతి అన్ని కార్లకూ పనికిరాదు. ఫోర్డ్ డ్యూరాటెక్ వంటి కొన్ని ఇంజిన్లలో క్రాంక్ గేరుకు కీ ఉండదు, బోల్టు బిగువే దాన్ని పట్టి ఉంచుతుంది. లాకింగ్ టూల్స్ లేకుండా ఆ బోల్టు వదిలిస్తే టైమింగ్ తప్పి, వాల్వులు పిస్టన్లకు తగిలే ప్రమాదం ఉంది.

ప్రశ్న: లీకేజీని ఆపుతుందని అమ్మే సీసా మందు పోస్తే సరిపోదా?

జవాబు: గట్టిపడిన రబ్బరును అది కొంత మెత్తబరుస్తుంది. చెమ్మలా ఊరే లీకేజీ కొన్నాళ్లు తగ్గొచ్చు. సీల్ అంచు అరిగినా, చిరిగినా, షాఫ్ట్‌కు గాడి పడినా పనిచేయదు. చుక్కలు పడేదాకా వచ్చిందంటే ఆ డబ్బు సీల్‌కే పెట్టండి. సీల్ ఖరీదు ఎలాగూ తక్కువే, ఖర్చంతా కూలీదే.