క్యాంపస్‌లో సోలార్ ఉంటే చాలదా, స్మార్ట్ గ్రిడ్ ఎందుకు?

చాలదు. తిరుపతి ఎండకు ఒక కిలోవాట్ ప్యానెళ్లు రోజుకు సగటున 4 యూనిట్ల దాకా ఇస్తాయి, అదీ ఎక్కువగా ఉదయం 10 నుంచి మధ్యాహ్నం 3 లోపే. యూనివర్సిటీ హాస్టళ్లలో గీజర్లు తెల్లవారుజామున, ఫ్యాన్లు, లైట్లు రాత్రి. ఈ తేడాను సర్దడమే స్మార్ట్ గ్రిడ్ పని. బ్లాకుకో స్మార్ట్ మీటరు పెట్టి, 15 నిమిషాలకోసారి వాడకం చూస్తూ, ట్యాంకులు నింపే మోటార్లను, ఎలక్ట్రిక్ బండ్ల ఛార్జింగ్‌ను మధ్యాహ్నానికి జరుపుతుంది. బ్యాటరీల మీద డబ్బు పెట్టే ముందు ఇది చేసి తీరాలి. మిగిలిన కరెంటు నెట్ మీటరింగ్‌తో (పంపిన యూనిట్లను బిల్లులో తగ్గించే పద్ధతి) డిస్కంకు, అంటే కరెంటు పంపిణీ సంస్థకు వెళ్తుంది.

చాలామందికి తెలియని సంగతి ఒకటి: కరెంటు పోతే, లైన్ బాగుచేసే లైన్‌మన్లకు షాక్ కొట్టకుండా, ప్యానెళ్లను గ్రిడ్‌కు కలిపే మామూలు ఇన్వర్టర్ కూడా ఆగిపోతుంది. అప్పుడూ ల్యాబ్ ఫ్రిజ్‌లు నడవాలంటే గ్రిడ్ లేకున్నా బ్యాటరీతో నడిచే హైబ్రిడ్ ఇన్వర్టర్, కొంత బ్యాటరీ తప్పవు.