టెంటు ఎక్కడ ఇవ్వాలో వాళ్లిష్టమే కావచ్చు, రాత్రి పది దాటాక మోత మాత్రం కాదు

ప్రశ్న: మాది ఒడిశాలోని రాయగడ. డిసెంబరులో రెండు కుటుంబాలం కలిసి దేవమాలి కొండ దగ్గర ఒక ప్రైవేటు క్యాంపులో రెండు టెంట్లు బుక్ చేసుకున్నాం. వాళ్ల ఆఫీసు విశాఖలో ఉంది. వెబ్‌సైటులో "జనసందడికి దూరంగా, ప్రశాంతంగా, ప్రతి టెంటుకూ విడిగా చోటు" అని రాశారు. అంచున ఉన్న టెంట్లు ఇవ్వమని వాట్సాప్‌లో అడిగితే "తప్పకుండా చూస్తాం సార్" అన్నారు. తీరా వెళ్లాక అంచువన్నీ ఒక కాలేజీ బ్యాచ్‌కి ఇచ్చేసి మమ్మల్ని నడిమధ్యలో వేశారు. పక్క టెంటు తాళ్లు మా గుమ్మం ముందు నుంచే పోతున్నాయి, మా అమ్మ కాలు తగిలి పడబోయింది. అర్ధరాత్రి దాటినా స్పీకరు పెట్టి డాన్సులు. మేనేజరుకి చెబితే "సీజన్ కదా సార్, అడ్జస్ట్ అవ్వండి" అన్నాడు. రెండింటికి కారెక్కి వచ్చేశాం. డబ్బు వెనక్కి అడిగితే షరతులు చూపిస్తున్నారు: టెంటు కేటాయింపు వాళ్లిష్టమట, రీఫండ్ లేదట, కేసు వేస్తే విశాఖలోనే వేయాలట. అమెరికాలో ఉన్న మా అమ్మాయి అక్కడ సైటు నంబరు చూసుకునే బుక్ చేసుకుంటామంటోంది. మనకు ఆ హక్కు లేదా?

జవాబు: మీ అమ్మాయి చెప్పింది నిజమే. అక్కడి నేషనల్ పార్కుల క్యాంపుల్లో చాలాచోట్ల మ్యాపు మీద నంబరు చూసి, ఆ చోటే బుక్ చేసుకోవచ్చు. కొన్నిచోట్ల ముందొచ్చిన వాళ్లకు ముందు. అంటే అక్కడ డబ్బు కట్టేది ఫలానా నంబరు చోటుకి. మీరు కట్టింది 'రెండు టెంట్లు, ఒక రాత్రి'కి. ఏ టెంటన్నది రసీదులో లేకపోతే, అంచుదే ఇవ్వాలని పట్టుబట్టే హక్కు చట్టం నుంచి రాదు. వాళ్లు ఇచ్చిన మాట నుంచే రావాలి.

ఆ మాట ఇచ్చారా? వాట్సాప్‌లోని "తప్పకుండా చూస్తాం" మీద నాకు పెద్ద నమ్మకం లేదు. ప్రయత్నించాం, కుదరలేదు అంటారు. మీకు అసలు బలం వెబ్‌సైటులోని "ప్రతి టెంటుకూ విడిగా చోటు" అన్న వాక్యం. పక్క టెంటు తాళ్లు మీ గుమ్మం ముందు ఉన్నాయంటే ఆ మాట నిలబెట్టుకోలేదనేగా. 2019 వినియోగదారుల రక్షణ చట్టం దీన్ని సేవాలోపం అంటుంది. లేనిది ఉన్నట్టు ప్రకటించి డబ్బు తీసుకోవడం అనుచిత వ్యాపార పద్ధతి కిందికీ వస్తుంది. కాబట్టి ఈ రోజే ఆ పేజీని తేదీ కనబడేలా స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకోండి. మీ లాయరు నోటీసు వాళ్లకు అందిన మర్నాడు ఆ వాక్యం అక్కడ ఉంటుందన్న భరోసా లేదు.

ఇక మోత సంగతి. ఇక్కడ మీ కేసు ఇంకా గట్టిది, ఎందుకంటే దీనికి ఎవరి మాటతోనూ పనిలేదు. 2000 నాటి శబ్ద కాలుష్య నియమాల ప్రకారం రాత్రి పది నుంచి ఉదయం ఆరు దాకా లౌడ్‌స్పీకర్లు వాడకూడదు. 2010 సవరణ తర్వాత వాయిద్యాలు కూడా ఆ నిషేధంలోకి వచ్చాయి. హాలు లాంటి మూసి ఉన్న చోట్లకు మినహాయింపు ఉంది గానీ, కొండ మీద టెంట్ల మైదానం హాలెలా అవుతుంది? పండగల సందర్భాల్లో ఏడాదికి మొత్తం పదిహేను రోజులకు మించకుండా, అదీ రాత్రి పన్నెండు వరకే, రాష్ట్ర ప్రభుత్వం సడలించవచ్చు. 'సీజన్' అన్నది ఆ పండగల్లో లేదు. ఒకవేళ ఆ రోజు అలాంటి అనుమతి ఉందని కాయితం చూపించినా, పన్నెండు దాటాక అది చెల్లదు. ఇదంతా స్పీకర్లకూ వాయిద్యాలకూ వర్తించేదే సుమా. పక్క టెంటులో తెల్లార్లూ కబుర్లు చెప్పుకుంటే ఈ నియమం పనికిరాదు.

స్పీకరు పెట్టింది కుర్రాళ్లే కావచ్చు. కానీ స్థలం క్యాంపు వాళ్లది, మీరు డబ్బిచ్చింది వాళ్లకి, మీరు చెప్పాక కూడా ఆపించనిది వాళ్లు. ఫిర్యాదు వాళ్ల మీదే పెట్టండి. కుర్రాళ్లను కేసులోకి లాగొద్దు. వాళ్లు మీకు ఏ సేవా అమ్మలేదు, పైగా వాళ్ల అడ్రసుల కోసం తిరగడానికే ఏడాది పోతుంది. ఆ రాత్రే 112కి ఫోన్ చేసి ఉంటే మంచి సాక్ష్యం అయ్యేది. ప్రజలకు ఇబ్బంది కలిగించినందుకు భారతీయ న్యాయ సంహిత (పాత ఐపీసీ స్థానంలో వచ్చిన చట్టం) 292వ సెక్షన్ కింద వెయ్యి రూపాయల దాకా జరిమానా ఉంది. 1,672 మీటర్ల కొండ మీదికి అర్ధరాత్రి పోలీసు జీపు ఎప్పటికి వచ్చేదో గానీ, కాల్ రికార్డు మాత్రం మిగిలేది. ఇంకోటి, ఆ మోత కింద ఊళ్లో వాళ్లకూ వినబడే ఉంటుంది. వాళ్లు ఎవరి ట్రిప్పుకీ డబ్బు కట్టినవాళ్లు కాదు, శబ్ద నియమాల కింద కలెక్టరు కార్యాలయంలో అర్జీ పెట్టే హక్కు వాళ్లకూ ఉంది.

ఫోనులో డెసిబెల్ యాప్‌తో కొలిచానని కొందరు రాస్తుంటారు. దాని మీద ఎక్కువ ఆధారపడకండి. టైము కనబడేలా తీసిన రెండు నిమిషాల వీడియో అంతకంటే మేలు. అసలు ఫైలు ఆ ఫోనులోనే ఉండనివ్వండి. ఎలక్ట్రానిక్ సాక్ష్యానికి భారతీయ సాక్ష్య అధినియమం (కొత్త సాక్ష్యాల చట్టం) 63వ సెక్షన్ కింద సర్టిఫికెట్ జతచేయాలి. అది మీ లాయరు తయారు చేయిస్తారు, సంతకాలు మాత్రం ఆ ఫోను వాడేవాళ్లవీ, ఒక నిపుణుడివీ ఉండాలి. వాట్సాప్ సంభాషణ తెలుగులో ఉంటుంది కాబట్టి ఒడియా లేదా ఇంగ్లీషు అనువాదం కూడా పెట్టండి. సరిహద్దులో ఉన్న మనవాళ్లు ఇది మరిచిపోయి వాయిదాలు పోగొట్టుకుంటుంటారు.

"విశాఖలోనే" అన్న షరతుకు భయపడక్కర్లేదు. వినియోగదారుల రక్షణ చట్టం 34వ సెక్షన్ ప్రకారం వినియోగదారుడు తాను ఉంటున్న జిల్లాలోనే ఫిర్యాదు వేయవచ్చు. అంటే రాయగడ జిల్లా వినియోగదారుల కమిషన్‌లో వేయండి. విశాఖ వాళ్లే ఇటు రావాలి. చెల్లించిన సొమ్ము ఐదు లక్షల లోపు అయితే ఫీజు లేదు. ఘటన జరిగిన రెండేళ్ల లోపు వేయాలి.

"రీఫండ్ లేదు" అన్న షరతు విషయంలో ఒక చిన్న మెలిక ఉంది. అది 'అనుచిత ఒప్పందం' అని కొట్టేయమని అడిగితే, ఆ అధికారం రాష్ట్ర కమిషన్‌కీ ఆపైనా ఉంది గానీ జిల్లా కమిషన్‌కి లేదు. అందుకని షరతు జోలికి పోకండి. ఒప్పుకున్న సేవ అందలేదు, కాబట్టి సొమ్ము వెనక్కి ఇప్పించమని అడగండి. మీ అంతట మీరే వెళ్లిపోయారని వాళ్లు వాదిస్తారు. మేనేజరుకి చెప్పింది నోటిమాటే అయితే, మీతో వచ్చిన రెండో కుటుంబం వాళ్ల చేత అఫిడవిట్ వేయించండి. తిరిగొచ్చాక మీరు రాసిన మెసేజిలో ఆ రాత్రి సంగతి ఉంటే అదీ పనికొస్తుంది.

వేరే బుకింగ్ సైటు ద్వారా కట్టి ఉంటే ఆ సైటు ఫిర్యాదుల అధికారికీ రాయండి. ఈ-కామర్స్ నియమాల ప్రకారం 48 గంటల్లో అందినట్టు చెప్పాలి, నెలలో పరిష్కరించాలి. దాంతో పాటే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేయండి. చాలా చిన్న కేసులు అక్కడే తెగిపోతాయి. తెగకపోతే పదిహేను రోజుల గడువుతో లాయరు నోటీసు, ఆ తర్వాత వినియోగదారుల కమిషన్లకు ఆన్‌లైన్‌లో ఫిర్యాదు చేసే ఈ-జాగృతి పోర్టల్‌లో ఫిర్యాదు. కమిషన్ పంపిన నోటీసు అవతలివాళ్లకు అందాక మూడు నెలల్లో తేల్చాలని చట్టంలో ఉంది, ఏడాది పట్టినా ఆశ్చర్యపోకండి.

ఎంత అడగాలి? టెంట్ల సొమ్ము, పెట్రోలు ఖర్చు, మానసిక వేదనకు కొంత, కోర్టు ఖర్చులు. ఒక్క రాత్రి నిద్రకు ఐదు లక్షలు అడిగితే కమిషన్ మీ అసలు బాధను కూడా తేలిగ్గా తీసుకుంటుంది. రసీదులన్నీ తేదీల వరసలో పెట్టి, మీ అమ్మగారు తాళ్లు తగిలి పడబోయిన విషయం మొదటి పేజీలోనే రాయించండి.