వెదర్ స్టేషన్ కొనే ముందు ఒక సెలైన్ బాటిల్ దగ్గర పెట్టుకోండి

మీ ప్రశ్న: ఇల్లు హనుమకొండలో, మిర్చి తోట నర్సంపేట దగ్గర, బడ్జెట్ 20 వేల లోపు. డాబా మీద పెట్టుకునే వెదర్ స్టేషన్లలో నమ్మదగ్గది ఏది, ‘5 ఇన్ 1’ అని అమ్మేవి తీసుకోవచ్చా అని అడిగారు.

నాది కూడా హనుమకొండే. ఇంజినీర్ని కాదు, మెడికల్ షాపు నడుపుతాను. 2020 ఆగస్టు వానలకు షాపు వెనక గదిలోకి మోకాలి లోతు నీళ్ళొచ్చి కింది అరల్లో ఉన్న మందులన్నీ పోయాయి. వాన ఎంత పడితే మా సందులోకి నీళ్ళొస్తాయో తెలుసుకోవాలని అప్పుడు మొదలైంది ఈ పిచ్చి. ఇప్పటికి రెండు స్టేషన్లు మార్చాను, ఒక కోతుల గుంపుతో పగ కూడా పెంచుకున్నాను. కాబట్టి దెబ్బ తిన్నవాడి మాటగా తీసుకోండి.

ముందు మీ రెండో ప్రశ్నకు: ఒకే కొమ్మకు అన్నీ బిగించి వచ్చే ‘5 ఇన్ 1’ వద్దు. నేను మొదట కొన్నది అదే. కంపెనీ పేరు చెప్పను, ఎందుకంటే తప్పు ఆ ఒక్క కంపెనీది కాదు. వానకు, ఎండకు, గాలికి కావలసిన చోట్లు వేరు. గాలి కొలవాలంటే చెట్లకు, ట్యాంకులకు పైన, వీలైతే 10 మీటర్ల ఎత్తులో ఉండాలి. టెంపరేచర్ కొలవాలంటే మట్టి నేల మీద, మనిషి ఛాతీ ఎత్తులో, గాలి ఆడుతూ ఎండ నేరుగా తగలని గూట్లో ఉండాలి. వాన గరాటుకు పక్కనున్న గోడ ఎంత ఎత్తుంటే కనీసం దానికి రెండింతల దూరం కావాలి. అన్నీ ఒకే కొమ్మ మీదుంటే మీరు ఎక్కడ పెట్టినా వాటిలో ఒకటో రెండో తప్పు చెప్తూనే ఉంటాయి.

నాది డాబా పిట్టగోడకు ఇనుప పైపు కట్టి దాని మీద పెట్టాను. మే నెలలో ఒక మధ్యాహ్నం 48.6 డిగ్రీలు చూపించింది. షాపుకొచ్చిన వాళ్ళందరికీ గొప్పగా ఫోన్ తీసి చూపించాను. సాయంత్రం చూస్తే హనుమకొండలో వాతావరణ శాఖ లెక్క 43 దగ్గరే ఉంది. స్లాబు పగలంతా కాగి సెన్సర్ మీదికి సెగ కొడుతోంది. రాత్రి కూడా అంతే, పది గంటలకు కింద పెరట్లో చల్లగా ఉంటే డాబా మీద రెండు డిగ్రీలు ఎక్కువ చూపేది. తరవాత ఆ సెన్సర్ ఒక్కటీ విడిగా కొని పెరట్లో జామచెట్టుకు కొంచెం ఎడంగా, ఐదడుగుల గుంజ మీద పెట్టాను. తెల్లటి పళ్ళేలు ఒకదాని మీద ఒకటి బోర్లించినట్టుండే షీల్డ్ తొడిగాను. తేడా ఒక డిగ్రీకి తగ్గింది. ఆ షీల్డ్ లేకుండా టెంపరేచర్ సెన్సర్‌ని బయట పెట్టడం దండగ. ఎంత ఖరీదైనదైనా ఎండలో నాలుగైదు డిగ్రీలు ఎక్కువే చెప్తుంది.

ఇక వాన. మీకు కావలసింది కూడా ముందు అదే అనుకుంటా.

ఈ మిషన్లలో ఎక్కువ వాటిలో గరాటు కింద తూగుడుబల్ల లాగా రెండు బుల్లి దొప్పలుంటాయి. ఒకటి నిండగానే ఒరిగి నీళ్ళు వొంపేస్తుంది, రెండోది పైకొస్తుంది. ఒరిగిన ప్రతిసారీ టిక్కుమని ఒక లెక్క. మోడల్‌ని బట్టి ఒక్క టిక్కుకు 0.1, 0.2 లేదా 0.3 మిల్లీమీటర్లు. దీన్ని టిప్పింగ్ బకెట్ అంటారు. ఫ్యాక్టరీ నుంచి వచ్చేటప్పుడు సరిగ్గా ఉండాలని లేదు. కొన్న రోజే పరీక్ష చేయండి, రిటర్న్ గడువు దాటకముందే.

పరీక్షకు పెద్ద లెక్కేం లేదు. ఒక చదరపు మీటరు మీద ఒక లీటరు నీళ్ళు పోస్తే అది 1 మి.మీ. వాన. నా గరాటు మూతి వ్యాసం 12 సెంటీమీటర్లు, అంటే 113 చదరపు సెంటీమీటర్లు. దాని మీద 10 మి.మీ. వాన అంటే 113 ఎంఎల్ నీళ్ళు. గ్లాసుతో గుమ్మరిస్తే దొప్పలు తడబడి లెక్క తప్పుతాయి, చుక్కచుక్కగా పడాలి. దానికి మా షాపులో ఉన్న సరుకే పనికొచ్చింది. ఖాళీ సెలైన్ బాటిల్‌లో సిరంజితో కొలిచి 113 ఎంఎల్ నీళ్ళు పోసి, ఐవీ సెట్ తగిలించి, కుర్చీ వీపుకు వేలాడదీశాను. చక్రం తిప్పి అరగంటలో అయిపోయేలా చుక్కలు సరిచేశాను. మా అమ్మ వచ్చి చూసి, “ఏంది బిడ్డా, దానికి జెరమొచ్చిందా?” అంది.

మిషన్ చూపింది 8.4. మూడుసార్లు చేసినా అటూ ఇటుగా అంతే. అంటే 100 మి.మీ. వాన పడితే నాకు 84 అని చెప్తోందన్నమాట, అప్పటికి ఎనిమిది నెలలుగా. దొప్పల కింద రెండు చిన్న మరలుంటాయి, వాటిని కాస్త పైకి తిప్పితే దొప్ప తొందరగా ఒరుగుతుంది. కొన్నిటిలో మరల జోలికి పోకుండా ఆప్‌లోనే గుణకం మార్చుకోవచ్చు, నాలాంటి కేసులో 1.19 అని పెడితే చాలు. నేను మరలతోనే కుస్తీ పట్టి 9.9కి తెచ్చాను. ఆ తర్వాత ఊరికే చూద్దామని చక్రం మొత్తం వదిలేసి అదే 113 ఎంఎల్ గబగబా పోనిచ్చాను. 9 దగ్గరే ఆగిపోయింది. దొప్ప ఒరిగే ఆ క్షణంలో కూడా పైనుంచి నీళ్ళు పడుతూనే ఉంటాయి, అవి లెక్కలోకి రావు. వాన ఎంత దంచి కొడితే అంత తక్కువ చెప్తుందీ మిషన్. మామూలు తుంపరకు దీంతో నష్టం లేదు, మనకు భయం ఉన్న వానలకే ఉంది.

2023 జులైలో మన పక్క ములుగు జిల్లా లక్ష్మీదేవిపేటలో ఒక్క రోజులో 649.8 మి.మీ. పడింది. భూపాలపల్లి జిల్లాలో మోరంచపల్లి ఊరు మునిగింది కూడా ఆ రాత్రే. మా ఇంటి మీద అంత లేదుగానీ, తెల్లారి చూస్తే మిషన్ లెక్కకూ పక్కన పెట్టిన ప్లాస్టిక్ గొట్టంలో నిలిచిన నీళ్ళకూ పదింట ఒక వంతుకు పైనే తేడా ఉంది. నేను గొట్టాన్నే నమ్మాను. దాంట్లో ఒరిగేదీ తిరిగేదీ ఏం లేదు, పడ్డ నీళ్ళు నిలిచి కనబడతాయి.

అందుకే మీరు ఏది కొన్నా సరే, దాంతోపాటు గీతలున్న ఒక మామూలు వర్షమాపకం గొట్టం కూడా కొనండి. కొన్ని వందల్లో వస్తుంది. ఆన్‌లైన్‌లో చాలావరకు 35, 40 మి.మీ.లతో నిండిపోయే తోట బొమ్మల్లాంటివే దొరుకుతాయి, అవి మన వానలకు చాలవు. కనీసం 150 పట్టేది చూడండి. పెద్ద వానప్పుడు మధ్యలో ఒకసారి చూసి, రాసుకుని, వొంపేయాలి. మిషన్ ఏ గంటలో ఎంత పడిందో చెప్తుంది, గొట్టం మొత్తం ఎంతో చెప్తుంది. రెండిటికీ నెలల తరబడి తేడా నిలకడగా ఉంటే మీ మిషన్ మంచిదే, ఆ తేడా కలుపుకుంటే సరిపోతుంది. తేడా ఒక వానకు ఒకలా, ఇంకో వానకు ఇంకోలా ఉందంటే గరాటు విప్పి చూడాల్సిందే.

విప్పితే ఏముంటుందో తెలుసా? నాకు ఒకసారి కందిరీగ కట్టిన మట్టి గూడు, ఒకసారి సాలెగూడు, ఇంకోసారి పావురం రెట్ట గడ్డకట్టి సన్న బెజ్జం మూసుకుపోయి ఉంది. వాన పడుతుంటే మిషన్ మాత్రం సున్నా. ఇప్పుడు మిరుగానికి ముందు ఒకసారి, దసరా తర్వాత ఒకసారి పాత టూత్‌బ్రష్‌తో కడుగుతున్నాను. దొప్పలకు నూనె మాత్రం పెట్టకండి, దుమ్ము పట్టుకుంటుంది.

కోతుల సంగతి మీకు చెప్పనక్కర్లేదు, మీదీ హనుమకొండే కదా. ఒక మే నెల మధ్యాహ్నం షాపులో ఉండగా ఫోన్‌కు మెసేజ్ వచ్చింది, 7 మి.మీ. వాన అని. బయట మాడు పగిలే ఎండ. ఇంటికి ఫోన్ చేస్తే డాబా మీద కోతి పైపు పట్టుకుని ఊపుతోందట, ఊపినప్పుడల్లా దొప్పలు ఒరిగి టిక్కు టిక్కు. వారం తిరక్కుండానే గాలి కొలిచే మూడు గిన్నెల్లో రెండు విరగ్గొట్టేసింది. అప్పటి నుంచి గాలి లేని ఊరయింది మాది. సంక్రాంతికి మాంజా చుట్టుకునే బెడద కూడా ఉంది. తిరిగే భాగాలు లేని అల్ట్రాసోనిక్ రకం గాలికి బాగానే ఉంటుంది. కానీ వాటిలో కొన్ని చినుకులు తగిలే అదురును బట్టి వానను అంచనా కడతాయి, గరాటూ దొప్పలూ ఉండవు. ఆ పద్ధతి మీద నాకు గురి లేదు.

కంపెనీల మాటకొస్తే, డబ్బుకు వెనకాడని వాళ్ళకు డేవిస్ వాళ్ళ వాంటేజ్ ప్రో2 ఉంది. దాంట్లో గాలి భాగాన్ని విడదీసి 12 మీటర్ల వైరుతో వేరే చోట బిగించుకోవచ్చు. మీ బడ్జెట్‌కు అది దొరకదు. నేనిప్పుడు వాడుతున్నది ఎకోవిట్. దాన్ని ఎంచుకోడానికి ఒకటే కారణం, వాన గరాటు, టెంపరేచర్ సెన్సర్, మట్టి తేమ సెన్సర్ అన్నీ విడివిడిగా అమ్ముతారు, అన్నిటి లెక్కలూ అందుకుని వైఫైకి పంపే ఒకే పెట్టెకు (గేట్‌వే) కలుపుకోవచ్చు. ఒకటి పాడైతే ఆ ఒక్కటే మార్చుకుంటాం. కొనేటప్పుడు రెండు చూడండి. ఒకటి, నెట్ పోయినా లెక్కలు ఎస్డీ కార్డులోనో లెక్కలు చూపే తెర పెట్టె (కన్సోల్)లోనో నిలిచే మోడల్. పెద్ద వాన రాగానే మనకు ముందు పోయేది కరెంటు, దాని వెనకే వైఫై. రౌటర్‌ను, గేట్‌వేను ఇన్వర్టర్ లైన్ మీద పెట్టుకోండి. రెండు, సెన్సర్లు గేట్‌వేకు లెక్కలు పంపే రేడియో ఫ్రీక్వెన్సీ. అమెరికాలో ఉన్న బావమరిదితో తెప్పించుకుంటే 915 మెగాహెర్ట్జ్‌ది వస్తుంది, అది మన దేశంలో లైసెన్స్ లేకుండా వాడుకునే బ్యాండ్ కాదు. 433ది అడిగి తీసుకోండి. సిగ్నల్ వంద మీటర్లు అందుతుందని పెట్టె మీద రాసినా నమ్మకండి, రెండు స్లాబులు అడ్డమొస్తే ఇరవైకే తడబడుతుంది.

ప్రెజర్ (గాలి ఒత్తిడి) చూసి కంగారు పడొద్దు. మన ఊరు సముద్రమట్టానికి దాదాపు 270 మీటర్ల ఎత్తు, కాబట్టి మిషన్ నేరుగా చూపేది వాతావరణ శాఖ చెప్పే అంకె కన్నా 30 హెక్టోపాస్కల్స్ (ఒత్తిడిని కొలిచే యూనిట్) దాకా తక్కువుంటుంది. సెట్టింగ్స్‌లో ఒకసారి సరిచేస్తే అయిపోతుంది. తేమ సెన్సర్‌కు ఉప్పు పరీక్ష ఉంది. మూత బిగించే డబ్బాలో ఉప్పు కాస్త నీళ్ళతో ముద్దలా కలిపి చిన్న మూతలో పెట్టి, పక్కనే సెన్సర్ ఉంచి రాత్రంతా వదిలేస్తే 75 శాతం చూపాలి. ఏడాదికోసారి చేస్తే చాలు, రెండు మూడేళ్ళకు అవి దారి తప్పుతుంటాయి.

పేపర్లో వచ్చే లెక్కతో మీది పోల్చేటప్పుడు ఇంకొకటి గుర్తుంచుకోండి. వాతావరణ శాఖకు రోజంటే ఉదయం 8:30 నుంచి మర్నాడు 8:30 దాకా. మన మిషన్లకు చాలావరకు అర్ధరాత్రితో రోజు మారిపోతుంది. ఇది తెలియక మొదటి ఏడాదంతా నాది తప్పు, నాది తప్పు అని టెన్షన్ పడ్డాను. ఇప్పుడు రోజూ షాపు తెరవబోయే ముందు ఎనిమిదిన్నరకు గొట్టం చూసి క్యాలెండర్ మీద రాస్తాను.

చివరికి మీ తోట సంగతి. నిజం చెప్పాలంటే హనుమకొండ డాబా మీద పెట్టిన స్టేషన్ నలభై కిలోమీటర్ల అవతల కల్లంలో ఆరబోసిన మిర్చికి ఏ రకంగానూ పనికిరాదు. ఎండాకాలం గాలిదుమారం వానలు ఒక ఊరి మీద కొట్టి పక్క ఊరిని వదిలేస్తాయి. మామునూరులో రోడ్డు మీద నీళ్ళు పారుతుంటే మడికొండలో దుమ్ము లేస్తుంటుంది. డబ్బు పెట్టేదేదో తోటలోనే పెట్టండి. అక్కడ కూడా అన్నీ అక్కర్లేదు, వాన గరాటు, మట్టి తేమ సెన్సర్ రెండు, సిమ్ వేసుకునే చిన్న రౌటర్, దానికో చిన్న సోలార్ ప్యానెల్. కాపలా ఉండే మనిషికి గొట్టం ఒకటి ఇచ్చి, పొద్దున్నే దాని ఫొటో తీసి వాట్సాప్‌లో పెట్టమనండి. దానికన్నా ముందు, తెలంగాణ డెవలప్‌మెంట్ ప్లానింగ్ సొసైటీ వాళ్ళ ఆటోమేటిక్ స్టేషన్లు మండలాల వారీగా ఉన్నాయి, రోజువారీ లెక్కలు ఉచితంగా పెడతారు. మీ తోటకు దగ్గర్లో ఒకటుంటే ఈ వానాకాలం దాన్ని గొట్టంతో పోల్చి చూడండి. బాగా కలిస్తే మిషన్ ఖర్చు మిగిలినట్టే.

కొంటే మాత్రం గరాటు మూతి వ్యాసం ఎంతో స్కేలుతో కొలిచి ఇక్కడ రాయండి, ఎన్ని ఎంఎల్ పోయాలో లెక్క కట్టి చెప్తాను. ఐవీ సెట్ కావాలంటే షాపుకు రండి, డబ్బులేం వద్దు.